గుంటూరు–విజయవాడ మధ్య 15 నిమిషాలకో లోకల్: ఎక్స్‌ప్రెస్‌లు తిరిగే పట్టాల మీదే ఎంతవరకు కుదురుతుంది?

అడిగిన ప్రశ్న ఇది. గుంటూరు నుంచి విజయవాడకి దారి సుమారు 32 కిలోమీటర్లు. రెండు లైన్లున్నాయి, కరెంటు ఉంది, రోజూ ఉద్యోగాలకీ చదువులకీ వెళ్ళే జనం ఉన్నారు. అలాంటప్పుడు 15 నిమిషాలకో మెమూ (కరెంటు లోకల్ బండి) ఎందుకు నడపరు? ఉన్న మెమూని కూడా దారిలో ఆపేసి వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌ని ఎందుకు ముందు పంపుతారు? మూడో లైను వేస్తే ఈ బాధ తీరుతుందా?

జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్స్‌ప్రెస్‌ల నడక మార్చకుండా 30 నిమిషాలకో లోకల్ హాయిగా పడుతుంది. 20 నిమిషాలకి కావాలంటే దారి మధ్యలో ఉన్న మంగళగిరిలో లూపు (ఒక బండిని పక్కకి తీసి ఆపే పట్టా) వాడుకోవాలి, దానికి లోకల్ ప్రయాణికుడు మూల్యం చెల్లిస్తాడు. 15 నిమిషాలకి కావాలంటే ఎక్స్‌ప్రెస్ కొంచెం నెమ్మదించాలి, లోకల్ కొంచెం త్వరపడాలి. వేగాల్లో ఈ సర్దుబాటు చెయ్యకుండా ఎన్ని మెమూ రేకులు (పెట్టెలన్నీ కలిసిన పూర్తి బళ్ళు) కొన్నా అవి స్టేషన్ బయట ఔటర్‌లోనే నిలబడతాయి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఒకే లైను మీద ఒకే వైపు పోయే రెండు బళ్ళ మధ్య కనీసం ఉండాల్సిన ఎడాన్ని హెడ్‌వే అంటారు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్నచోట ఇంచుమించు కిలోమీటరుకో సిగ్నల్ ఉంటుంది: ఎరుపు, పసుపు, జంట పసుపు, పచ్చ. వెనక బండికి ఎప్పుడూ పచ్చ సిగ్నలే కనపడాలంటే దాని ముందు మూడు ముక్కలు (సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య దారి ఒక ముక్క) ఖాళీగా ఉండాలి. వాటికి 120 మీటర్ల ఓవర్‌ల్యాప్ (సిగ్నల్ దాటాక భద్రత కోసం ఖాళీగా ఉంచే దారి), సిగ్నల్ కంటికి ఆనే దూరం ఒక 300 మీటర్లు, ముందు బండి పొడుగు కలపాలి. 24 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టెల బండి సుమారు 570 మీటర్లుంటుంది. అన్నీ కలిపితే 4 కిలోమీటర్లు, గంటకి 100 కిలోమీటర్ల వేగంతో రెండున్నర నిమిషాల లోపే. ఇది కాగితం మీది మాట. ముందు బండి స్టేషన్లో ఆగే సమయం, బ్రేకు వేసి మళ్ళీ అందుకునే సమయం కలుపుకుంటే టైం టేబుల్లో 5 నిమిషాల కంటే తక్కువ పెట్టడం మంచిది కాదు.

ఆటోమేటిక్ సిగ్నళ్ళు లేనిచోట వాడే ఆబ్సల్యూట్ బ్లాక్ పద్ధతిలో ఒక స్టేషన్‌కీ తర్వాతి స్టేషన్‌కీ మధ్య ఒక్క బండే ఉండాలి. 8 కిలోమీటర్ల సెక్షన్ అయితే 90 వేగంతో పోయే బండికి 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది, లైన్ క్లియర్ (తర్వాతి స్టేషన్ అనుమతి) తీసుకుని సిగ్నళ్ళు వెయ్యడానికి ఇంకో 2 నిమిషాలు. అదే సెక్షన్‌లోకి 50 వేగంతో పోయే గూడ్సుని వదిలితే వెనక బండికి 12 నిమిషాలు దారి ఉండదు. మధ్యలో ఇంటర్మీడియట్ బ్లాక్ సిగ్నల్ పెడితే సెక్షన్ రెండు ముక్కలై ఎడం తగ్గుతుంది. ఆటోమేటిక్ సిగ్నళ్ళతో పోలిస్తే ఇది చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. కింది లెక్కలకి 6 నిమిషాల హెడ్‌వే తీసుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. గుంటూరులో బయల్దేరి మధ్యలో ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్‌కి విజయవాడ చేరడానికి 28 నిమిషాలు అనుకుందాం. టైం టేబుల్లో ఇంతకంటే ఎక్కువే రాసి ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. లోకల్ పెదకాకాని, నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ అని నాలుగు చోట్ల ఆగుతుంది. ఒక్కో స్టాపుకి నిలబడేది నిమిషమే అయినా, ఆగడానికీ అందుకోవడానికీ పోయే సమయంతో కలిపి రెండున్నర నిమిషాల నష్టం. మొత్తం 38 నిమిషాలు. తేడా 10.

లోకల్ వెళ్ళాక ఎక్స్‌ప్రెస్‌ని వదలాలంటే 6 కాదు, 16 నిమిషాలు ఆగాలి. ముందే వదిలితే దారిలో లోకల్ తోక పట్టుకుని పసుపు సిగ్నళ్ళ మీద ఈడుస్తుంది. ఎక్స్‌ప్రెస్ వెనక లోకల్‌ని మాత్రం 6 నిమిషాలకే వదలొచ్చు. అంటే లోకల్, ఎక్స్‌ప్రెస్, లోకల్, ఎక్స్‌ప్రెస్ అని మార్చి మార్చి నడిపితే ఒక జతకి 22 నిమిషాలు పోతాయి, గంటకి అయిదు బళ్ళ పైచిలుకు మాత్రమే. మూడు లోకళ్ళు వరసగా, వాటి వెనక రెండు ఎక్స్‌ప్రెస్‌లు వరసగా పంపితే అయిదింటికీ కలిపి 40 నిమిషాలు, గంటకి ఏడున్నర. అన్నీ లోకళ్ళే అయితే గంటకి పది. పట్టాలు అవే, సిగ్నళ్ళు అవే, వరస మార్చినందుకే ఇంత తేడా.

గుంపులుగా పంపితే బళ్ళు ఎక్కువ పడతాయి కాబట్టి బళ్ళ వరస చూసే కంట్రోలు ఆఫీసుకి అదే ఇష్టం. కానీ ప్రయాణికుడి వైపు నుంచి చూడండి. ఆరేసి నిమిషాల తేడాతో మూడు లోకళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ 28 నిమిషాలు లోకలే ఉండదు. మొదటిది కిటకిటలాడుతుంది, మూడోది ఖాళీగా పోతుంది. రోజూ వెళ్ళేవాళ్ళ బండికి సమాన విరామం ముఖ్యం, కాబట్టి గంటకి ఎన్ని పంపారన్న అంకెని ఒక్కదాన్నే చూసి మురిసిపోకూడదు.

30 నిమిషాల పద్ధతి ఎందుకు సులువో ఇప్పుడు తెలుస్తుంది. రెండు లోకళ్ళ మధ్య ఒక ఎక్స్‌ప్రెస్‌కి 22 నిమిషాలు చాలు, 8 నిమిషాలు మిగులు. ఆ మిగులే ఆలస్యాలని మింగుతుంది. 20 నిమిషాల పద్ధతిలో 2 నిమిషాలు తక్కువ పడుతుంది. అప్పుడు లోకల్‌ని మంగళగిరి లూపులోకి తీసుకుని ఎక్స్‌ప్రెస్‌ని మెయిన్ లైను మీద దాటించాలి. లోకల్ లూపులోకి చేరి, పాయింట్లు (దారి మళ్ళించే కదిలే పట్టాలు) మళ్ళీ మెయిన్‌కి తిరిగి, వెనక ఎక్స్‌ప్రెస్‌కి పచ్చ సిగ్నళ్ళు పడి, అది దాటి, ముందు దారి ఖాళీ అయ్యి లోకల్‌కి స్టార్టర్ (బయల్దేరే సిగ్నల్) పడేసరికి 10 నిమిషాలు. అందులో ఒక నిమిషం ఎలాగూ ఆగాల్సిందే కాబట్టి నికరంగా 9 నిమిషాల నష్టం. 38 నిమిషాల బండి 47 అవుతుంది.

ఈ లూపు పనిలో టర్నవుట్ (బండి ఒక పట్టా నుంచి పక్క పట్టాలోకి మళ్ళే చోటు) కోణం చాలా ముఖ్యం; రెండో అంకె పెద్దదైతే మలుపు సాఫీగా ఉంటుంది. 1కి 8.5 టర్నవుట్ మీద 15 వేగం దాటకూడదు, 1కి 12 మీద 30 పోవచ్చు, బలమైన స్విచ్చిలు వేసి లూపు పట్టాలని కూడా ఆ స్థాయికి తెస్తే 50 దాకా ఇస్తారు. 570 మీటర్ల బండి మొత్తం పాయింటు దాటడానికి 15 వేగంతో 2 నిమిషాల 17 సెకన్లు, 30తో 68 సెకన్లు, 50తో 41. లోపలికొకసారి బయటికొకసారి అనుకుంటే, అంత పొడుగు బండికి టర్నవుట్లు మార్చడం ఒక్కటే ప్రతి దాటింపులో రెండు మూడు నిమిషాలు తిరిగి ఇస్తుంది. కొత్త లైనుకి పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి కూడా రాదు. అయినా వినతిపత్రాల్లో దీని మాటే కనపడదు, అందరూ కొత్త బండే అడుగుతారు.

15 నిమిషాల పద్ధతికి రెండు బళ్ళ మధ్య తేడా 3 నిమిషాలకి దిగాలి. ఆరు, ఆరు, మూడు కలిపితే పదిహేను. ఎలా దించాలి? ఎక్స్‌ప్రెస్‌కి మంగళగిరిలో స్టాపు ఇవ్వండి. ఎయిమ్స్ ఉన్న ఊరు, గుడి ఉన్న ఊరు, దిగేవాళ్ళకి కొదవ లేదు. 28 కాస్తా ముప్ఫైన్నర అవుతుంది. లోకల్ అన్నిసార్లూ మంగళగిరిలో ఆగాలి, మిగతా మూడు స్టేషన్లలో వంతులవారీగా ఒక్కోసారి ఒక్కోచోట. అంటే ఒక్కో లోకల్‌కి రెండే స్టాపులు, 33 నిమిషాలు. తేడా రెండున్నర, జతకి పద్నాలుగున్నర. ఇరుకే, అర నిమిషమే మిగులు. ఆటోమేటిక్ సిగ్నళ్ళతో హెడ్‌వే 5కి దిగితే పన్నెండున్నర అవుతుంది, అప్పుడు ఊపిరాడుతుంది. అయినా ప్రతి సందులోనూ ఎక్స్‌ప్రెస్ దూర్చకూడదు. గంటలో నాలుగు సందులుంటే రెండు ఎక్స్‌ప్రెస్‌లకిచ్చి రెండు ఖాళీగా వదలాలి.

దీనికయ్యే ఖర్చూ దాచకుండా చెప్పాలి. నంబూరులో, పెదకాకానిలో, కృష్ణా కెనాల్లో 45 నిమిషాలకో లోకలే ఆగుతుంది. నంబూరులో దిగి నాగార్జున యూనివర్సిటీకి వెళ్ళే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈ పద్ధతి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలకి పరిమితం చేసి, ఆ వేళల్లో నంబూరు వంతులని కాలేజీ సమయాలకి అతికించాలి. మిగతా రోజంతా 30 నిమిషాలకో అన్ని స్టాపుల లోకల్ ఉంటే చాలు.

ఇంతవరకూ రెండు ఊళ్ళ మధ్య దారి గురించి. బళ్ళు నిజంగా చిక్కుకునేది మాత్రం కృష్ణా కెనాల్ జంక్షన్‌లో. విజయవాడ నుంచి నది దాటాక అక్కడే మద్రాసు మెయిన్ లైను తెనాలి వైపు, మన లైను మంగళగిరి వైపు విడిపోతాయి. మన బళ్ళు ఎడమ పట్టా మీద పోతాయి. గుంటూరు లైను పడమటి వైపు, అంటే కుడివైపు తిరుగుతుంది. అందువల్ల విజయవాడ నుంచి గుంటూరు పోయే ప్రతి బండీ తెనాలి వైపు నుంచి వచ్చే పట్టాని అడ్డంగా కొయ్యాల్సిందే. దగ్గరగా చూడండి: రూటు వేసి సిగ్నల్ ఇచ్చి బండి కదలడానికి ఒక నిమిషం, 30 వేగంతో అంత పొడుగు బండి కూడలి దాటడానికి ఇంకో నిమిషంన్నర, రూటు విడుదలై తెనాలి వైపు నుంచి వచ్చే బండికి దారి మళ్ళీ కట్టడానికి కొన్ని సెకన్లు. ఆ వచ్చే బండి పసుపు చూడకుండా రావాలంటే అది రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉండగానే సిగ్నళ్ళు పడిపోయి ఉండాలి, అంటే ఇంకో రెండు నిమిషాలు. ఒక్క గుంటూరు బండి కోసం మద్రాసు నుంచి వచ్చే లైను 5 నిమిషాలు మూతపడుతుంది.

పోనీ గుంటూరు బండినే ఆపుదామంటే, అది నిలబడేది తెనాలి వైపు పోయే మెయిన్ లైను మీదే. దాని వెనక వచ్చే తెనాలి, మద్రాసు బళ్ళన్నీ వంతెన మీదే ఆగిపోతాయి. కృష్ణ మీద బండి నిలబడిపోవడం చూసి జనం తిట్టుకుంటారు గానీ, ముందున్న చిక్కు ఇదీ.

దీనికి పైసా ఖర్చులేని మందు ఒకటుంది. మామూలు డబుల్ జంక్షన్‌లో (రెండేసి లైన్లు విడిపోయే చోట) గుంటూరుకి పోయే బండీ, గుంటూరు నుంచి వచ్చే బండీ ఒకదానికొకటి అడ్డం రావు. రెండూ అడ్డుపడేది తెనాలి నుంచి వచ్చే లైనుకే. కాబట్టి రెండు గుంటూరు లోకళ్ళూ కృష్ణా కెనాల్‌ని ఒకే నిమిషంలో దాటేలా టైం టేబుల్ గీస్తే, రెండు సార్లు మూసే లైనుని ఒక్కసారి మూస్తే సరిపోతుంది. టైం టేబుల్ గీసేవాళ్ళు గుంటూరు బయల్దేరే సమయంతో మొదలుపెట్టకూడదు. కృష్ణా కెనాల్ దాటే నిమిషాన్ని ముందు కాగితం మీద మేకు కొట్టి, అక్కడి నుంచి రెండు వైపులా గీసుకుంటూ పోవాలి.

ఉదాహరణకి ప్రతి గంటా 20వ నిమిషంలో రెండు లోకళ్ళూ అక్కడ కలుస్తాయి అనుకుందాం. అక్కడి నుంచి విజయవాడ 9 నిమిషాలనుకుంటే, వచ్చేది 29కి చేరుతుంది, పోయేది 11కి బయల్దేరి ఉంటుంది. 30 నిమిషాల పద్ధతిలో 29కి వచ్చిన రేకు 41కి తిరిగి పోతుంది. 12 నిమిషాలు, లోకో పైలట్ అవతలి కొసకి నడిచి బ్రేకు చూసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్క ప్లాట్‌ఫారం చాలు. అదే 20 నిమిషాల పద్ధతిలో తర్వాతి బయల్దేరే సమయం 31. రెండు నిమిషాల్లో తిప్పలేరు, కాబట్టి 51 దాకా ఆగాలి. 22 నిమిషాలు నిలబడే బండి 20 నిమిషాలకొకటి వస్తుంటే రెండు ప్లాట్‌ఫారాలు కావాలి. విజయవాడలో ఉన్నవి పది. కాజీపేట, విశాఖ, మద్రాసు, గుడివాడ, గుంటూరు వైపుల బళ్ళన్నీ ఆ పదింటినే పంచుకోవాలి. వాటిలో రెండు రద్దీ వేళంతా గుంటూరు లోకళ్ళకి వదిలెయ్యమంటే ఎవరూ ఒప్పుకోరు.

రేకుల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 20 నిమిషాల పద్ధతిలో, మంగళగిరిలో దాటింపు నష్టం కలపకుండానే, రానూపోనూ 76, రెండు కొసల్లో 22 చొప్పున 44, మొత్తం 120 నిమిషాలు, అంటే ఆరు రేకులు. 15 నిమిషాల పద్ధతిలో రానూపోనూ 66, కొసల్లో 12 చొప్పున 24, మొత్తం 90 నిమిషాలు. మళ్ళీ ఆరే రేకులు! లోకల్‌ని అయిదు నిమిషాలు త్వరగా నడపగలిగితే అవే ఆరు రేకులతో గంటకి మూడు బదులు నాలుగు బళ్ళు వస్తాయి. ప్లాట్‌ఫారాలు మాత్రం ఇక్కడా రెండు కావాలి, ఎందుకంటే 12 నిమిషాలకి బండి లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ పట్టే అయిదూ కలిపితే 17 అవుతుంది.

ప్లాట్‌ఫారం బాధకి ఒక దారి, లోకల్‌ని విజయవాడలో ముగించకుండా దాటించెయ్యడం. గుంటూరు నుంచి వచ్చిన మెమూ మధురానగర్, రామవరప్పాడు మీదుగా గుడివాడకి పోతే ప్లాట్‌ఫారం మీద అయిదు నిమిషాలు నిలబడితే చాలు. రామవరప్పాడులో దిగేవాళ్ళకి స్టేషన్ నుంచి ఆటో ఖర్చూ తప్పుతుంది. చిక్కేమిటంటే గుడివాడ వైపు జరిగిన ఆలస్యం నేరుగా గుంటూరు దాకా పాకుతుంది. నా ఉద్దేశంలో మూడింట ఒకటి మాత్రమే అలా దాటించి, మిగతావి విజయవాడలోనే తిప్పడం మేలు.

ఇక లోకల్‌ని ఆపి ఎక్స్‌ప్రెస్‌ని పంపడం గురించి. కంట్రోలర్ల మీద కోపం అక్కర్లేదు. మెయిల్, ఎక్స్‌ప్రెస్‌ల సమయపాలన మీద పైనుంచి రోజూ లెక్క అడుగుతారు, మెమూ పది నిమిషాలు ఆలస్యమైతే అంత గట్టిగా అడిగేవాళ్ళుండరు. పైగా ఈ 32 కిలోమీటర్ల దారి విజయవాడ, గుంటూరు అనే రెండు డివిజన్ల మధ్యది, కంట్రోలు ఆఫీసులు రెండు. ఎక్స్‌ప్రెస్‌ని సమయానికి అవతలి డివిజన్‌కి అప్పగించామా అన్నదే ఇద్దరికీ ముఖ్యం. అయితే ఎప్పుడు ఆపడం న్యాయమో, ఎప్పుడు కాదో లెక్క వెయ్యొచ్చు.

లోకల్‌లో 1,500 మంది, ఎక్స్‌ప్రెస్‌లో 1,200 మంది ఉన్నారనుకుందాం. లోకల్ సమయం 8:00. ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వచ్చి 8:08కి బయల్దేరడానికి సిద్ధమవుతుంది. లోకల్‌ని ముందు పంపితే ఎక్స్‌ప్రెస్‌కి 8 నిమిషాలు నష్టం, 1,200 మందికి 9,600 నిమిషాలు. లోకల్‌ని ఆపితే అది 8:14కి కదులుతుంది, 1,500 మందికి 21,000 నిమిషాలు. మంగళగిరిలో దాటిస్తే ఎక్స్‌ప్రెస్‌కి 4, లోకల్‌కి 9, మొత్తం 18,300. లోకల్‌ని సమయానికి పంపడమే అన్నిటికంటే చవక. అదే ఎక్స్‌ప్రెస్ 8:02కే సిద్ధంగా ఉంటే లెక్క తిరగబడుతుంది: లోకల్ ముందు పోతే 16,800, ఆగితే 12,000. రెండూ సమానమయ్యేది నాలుగు నిమిషాల దగ్గర. కాబట్టి సూత్రం ఇలా పెట్టుకోవచ్చు: లోకల్ సమయానికి ఎక్స్‌ప్రెస్ నాలుగు నిమిషాల్లోపు కదిలేలా ఉంటే లోకల్ ఆగాలి, లేకపోతే లోకల్‌ని పంపెయ్యాలి.

గుంటూరులో దీన్ని పాటించడం కష్టమేమీ కాదు. పడమటి వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ లోకల్ సమయానికి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే లోకల్‌ని ఆపండి. అది ఇంకా గుంటూరుకి ముందున్న నల్లపాడు స్టేషన్ దాటలేదంటే, గుంటూరు రావడానికీ అక్కడ అయిదు నిమిషాలు ఆగడానికీ కలిపి పది నిమిషాల పైమాటే, లోకల్‌కి వెంటనే స్టార్టర్ ఇచ్చెయ్యండి. ‘వచ్చేస్తోంది, అయిదు నిమిషాలు’ అన్న మాట నమ్మి ఆపితే ఆ అయిదు పన్నెండు అవుతుంది, అప్పటికి రెండు బళ్ళూ ఆలస్యమే. విజయవాడలో 12 నిమిషాల్లో తిరగాల్సిన రేకు కాబట్టి ఆ ఆలస్యం తిరుగు బండికీ అంటుకుంటుంది, తిరుగు బండి కృష్ణా కెనాల్‌లో తన నిమిషాన్ని తప్పితే మద్రాసు లైను రెండోసారి మూతపడుతుంది. పొద్దున ఏడున్నరకి చేసిన తప్పు పదింటిదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఎక్స్‌ప్రెస్‌కి పోయిన ఎనిమిది నిమిషాలు చాలాసార్లు అసలు నష్టమే కాదు. దూరపు బళ్ళకి పట్టాల పనుల కోసం, రద్దీ కోసం టైం టేబుల్లో అదనపు నిమిషాలు కలుపుతారు. అవి ఎక్కువగా పెద్ద జంక్షన్‌కి ముందు ఆఖరి ముక్కలో పెడతారు. 28 నిమిషాల దారికి యాభై, అరవై నిమిషాలు రాసి ఉండడం అందుకే. దీనివల్ల సమయానికి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ముందే విజయవాడ చేరుకుని, ప్లాట్‌ఫారం లేక ఔటర్‌లో నిలబడుతుంది. దాని వెనక లోకల్. ఈ అదనపు నిమిషాలని విజయవాడ ముంగిట్లో కాకుండా లూపులున్న నల్లపాడుకి ముందే ఖర్చు చేయించాలి. అక్కడ ఆగిన బండి ఎవరికీ అడ్డం కాదు, వంతెనకి ముందు ఆగిన బండి అందరికీ అడ్డమే.

ఖాళీ సందులు ఎందుకు వదలాలో కూడా చెప్పాలి. ఒకరోజంతా ప్రయాణం చేసి వచ్చే బండి తన నిమిషానికి రాదు. మన రైల్వేలో లైను సామర్థ్యానికి స్కాట్ ఫార్ములా వాడతారు: 1,440 నిమిషాలని, అన్నిటికంటే ఇరుకైన సెక్షన్‌లో నెమ్మది బండి పట్టే సమయం, బ్లాక్ పని (లైన్ క్లియర్, సిగ్నళ్ళు) సమయం కలిపిన మొత్తంతో భాగించి 0.7తో గుణించడం. 10 నిమిషాలు, 5 నిమిషాలు అయితే 96 వస్తుంది, 0.7 వేస్తే రోజుకి ఒక వైపు 67. ఆ మిగతా 0.3 వృథా కాదు, బండి తప్పిన సమయాన్ని సర్దుకోవడానికి ఉంచిన చోటు. అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ తన 406 కోడ్‌లో రకరకాల బళ్ళు కలిసి తిరిగే లైనుకి రద్దీ గంటలో 75 శాతం, రోజు మొత్తం మీద 60 శాతం మించొద్దంటుంది. లోకళ్ళకే విడిగా ఉన్న లైనుకి 85, 70. బళ్ళన్నీ ఒకే వేగంతో పోతే ఎక్కువ నింపినా తట్టుకుంటుందని దీని అర్థం.

గూడ్సు బళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. రద్దీ వేళ గూడ్సుని మెయిన్ మీద నడపకుండా ఆపుతారు, మంచిదే. కానీ మంగళగిరి లూపులో ఆపితే లోకల్‌ని దాటించే చోటే పోతుంది. లూపుల ప్రామాణిక పొడుగు 686 మీటర్లు, ఒక పూర్తి గూడ్సుతో నిండిపోతుంది. రద్దీ మొదలయ్యే అరగంట ముందే గూడ్సులు నల్లపాడు అవతలే ఆగాలి. పట్టాల, కరెంటు తీగల పనికి రోజూ మూడు నాలుగు గంటల బ్లాక్ (బళ్ళు ఆపి పని చేసుకునే సమయం) కావాలి. దాన్ని మధ్యాహ్నమో రాత్రో పెట్టండి గానీ, లోకళ్ళు పెంచాలని దాన్ని కొరికెయ్యకండి. బ్లాక్ ఇవ్వని లైను మీద నెల తిరిగేసరికి వేగ పరిమితులు వచ్చిపడతాయి, మొత్తం లెక్కంతా చెడుతుంది.

లెవెల్ క్రాసింగ్ గేట్లని అందరూ మర్చిపోతారు. రెండు వైపులా కలిపి గంటకి పన్నెండు బళ్ళు, ఒక్కో బండికి గేటు అయిదు నిమిషాలు మూస్తే, రెండు బళ్ళు ఒకేసారి కలిసినవి తీసేసినా గేటు ముప్పావుగంట మూసే ఉంటుంది. జనం దూరిపోతారు, లారీ అడ్డం పడుతుంది, గేటు పడదు, గేటుతో ముడిపడిన సిగ్నల్ ఎర్రగానే ఉండిపోతుంది. అండర్ బ్రిడ్జిలు కట్టకుండా లోకళ్ళు పెంచితే మొదట దెబ్బతినేది ఆ లోకళ్ళే.

ఇంకో చిన్న విషయానికి పెద్ద ఫలితం ఉంటుంది. హై లెవెల్ ప్లాట్‌ఫారం పట్టా మీంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లాట్‌ఫారం పల్లంగా ఉన్న చిన్న స్టేషన్‌లో ముసలివాళ్ళు, సంచులున్నవాళ్ళు మెమూ మెట్లెక్కేసరికి నిమిషం స్టాపు రెండు నిమిషాలవుతుంది. పైన లెక్కలో ఒక్కో స్టాపుకి రెండున్నర నిమిషాలన్నాను కదా, అది అలాంటి చోట మూడున్నర అవుతుంది. నాలుగు స్టేషన్లకి నాలుగు నిమిషాలు. ప్లాట్‌ఫారం ఎత్తు చెయ్యడమంటే లోకల్ వేగం పెంచడమే.

మూడో లైను విషయానికొస్తే, విజయవాడ–గూడూరు మూడో లైను మద్రాసు బళ్ళకి చోటిస్తుంది, వంతెన మీద ఒత్తిడి తగ్గిస్తుంది. గుంటూరు బండి అడ్డంగా కొయ్యాల్సిన పట్టాలు మాత్రం తగ్గవు, యార్డు (జంక్షన్ దగ్గర పట్టాల అమరిక) ఎలా కడతారన్నదాన్ని బట్టి పెరగనూ వచ్చు. అడగాల్సింది కృష్ణా కెనాల్ దగ్గర పట్టా మీంచి పట్టా పోయే రైలు ఫ్లైఓవర్. హైదరాబాదులో ఎంఎంటీఎస్ లోకళ్ళు 2003 ఆగస్టులో, అప్పటికే ఉన్న లైన్ల మీదే మొదలై దూరపు బళ్ళతో పట్టాలు పంచుకున్నాయి. ముంబయిలో ఠాణే–దివా మధ్య 2022 ఫిబ్రవరిలో అయిదో, ఆరో లైన్లు తెరిచింది దూరపు బళ్ళని లోకళ్ళ దారిలోంచి తప్పించడానికే. మన దగ్గర అంత రద్దీ లేదు కాబట్టి నాలుగు లైన్ల దాకా పోకుండా జంక్షన్ ఒక్కటి విడదీసినా పదిహేనేళ్ళు నెట్టుకురావచ్చని నా అభిప్రాయం.

ఇప్పుడు అందరూ కళ్ళు పెట్టాల్సింది నంబూరు మీద. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైనుకి కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. ఖర్చు 2,245 కోట్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన. అది పూర్తయితే కాజీపేట వైపు నుంచి గుంటూరు దిక్కుకి పోయే బళ్ళు విజయవాడ తొక్కకుండా వెళ్ళొచ్చు. విజయవాడ ప్లాట్‌ఫారాలకీ, కృష్ణా కెనాల్‌కీ అది పెద్ద ఉపశమనం. కానీ ఆ బళ్ళన్నీ నంబూరులో మన లైను మీదికే ఎక్కుతాయి, అక్కడి నుంచి గుంటూరు దాకా రెండే లైన్లు. అమరావతి వైపు లోకళ్ళు మొదలైతే అవీ అక్కడికే వస్తాయి. కొత్త లైను వచ్చేది పడమటి వైపు నుంచి. గుంటూరుకి పోయే మన లోకల్ నడిచేది తూర్పు పట్టా, గుంటూరు నుంచి వచ్చేది పడమటి పట్టా. అందువల్ల అమరావతి నుంచి గుంటూరుకి పోయే ప్రతి బండీ గుంటూరు నుంచి విజయవాడకి వచ్చే పట్టాని కోస్తుంది. కృష్ణా కెనాల్‌లో ఉన్న చిక్కే నంబూరులో మళ్ళీ పుడుతుంది. కట్టాక యార్డు మార్చడం చాలా ఖరీదైన పని. కాబట్టి నంబూరు–గుంటూరు మధ్య మూడో లైను, నంబూరు దగ్గర పట్టా మీంచి పట్టా పోయే వంతెన, 1కి 12 టర్నవుట్లతో రెండు వైపులా పొడుగు లూపులు, ఈ మూడూ ఇప్పుడే ప్లానులో పెట్టమని ఎంపీలనీ డివిజన్ అధికారులనీ రాతపూర్వకంగా అడగండి. లూపుల పొడుగు 686 కాకుండా 750 మీటర్లకి తగ్గకుండా ఉండాలని అందులో స్పష్టంగా రాయండి.